వీడియో, ఆడియో మార్పిడిలో చిక్కులు: హ్యాండ్‌బ్రేక్, వీఎల్‌సీ, ఆడాసిటీ మొరాయించినప్పుడు ఏం చేయాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు ఫోన్‌లో తీస్తారు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో టీవీకి పెడితే బొమ్మ రాదు. కన్వర్టర్‌లో వేసి మారిస్తే బొమ్మ వస్తుంది, శబ్దం వెనకబడుతుంది. ఇంకోసారి మారిస్తే శబ్దం కుదురుతుంది, బొమ్మ మసకబారుతుంది. ఇలా మార్చిందాన్నే మళ్లీ మార్చుకుంటూ పోవడమే అసలు తప్పు. ప్రతి మార్పిడిలోనూ బొమ్మ నాణ్యత కొంత పోతుంది, అది తిరిగి రాదు. అందుకే ఒరిజినల్ ఫైల్‌ను ఎప్పుడూ చెరపకండి. ఏ ప్రయోగమైనా దాని మీదే చేయండి, మార్చిన కాపీ మీద కాదు.

ఇక్కడ చెప్పే సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితం, ఓపెన్ సోర్స్: హ్యాండ్‌బ్రేక్ (వీడియో మార్చేది), వీఎల్‌సీ (ప్లేయర్), మీడియాఇన్ఫో (ఫైల్ వివరాలు చూపేది), లాస్‌లెస్‌కట్, ఎంకేవీటూల్‌నిక్స్ (బొమ్మ ముట్టుకోకుండా ఫైల్‌ను సర్దేవి), ఆడాసిటీ (శబ్దం సరిదిద్దేది). వీటిలో చాలావాటి లోపల పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కోడే. దాన్ని కమాండ్లతో నేరుగా నడిపేవాళ్లూ ఉన్నారు. ఈ వ్యాసం మాత్రం మౌస్‌తో పని కానిచ్చుకునేవాళ్ల కోసం.

మార్చే ముందు ఫైల్‌ను చదవండి

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి క్యారేజీ లాంటివి. గిన్నెల్లో ఏముందో వాటి పేరు చెప్పదు. ఒకే ఎంపీ4లో హెచ్.264 వీడియో ఉండొచ్చు, హెచ్‌ఈవీసీ ఉండొచ్చు, ఏవీ1 కూడా ఉండొచ్చు (ఇవి వీడియోను కుదించి రాసే పద్ధతులు, వీటినే కోడెక్‌లు అంటారు). ఫైల్ పేరు చివర .ఎంకేవీ తీసేసి .ఎంపీ4 అని రాస్తే లోపల ఏమీ మారదు.

మీడియాఇన్ఫోలో ఫైల్ తెరిచి, వ్యూ మెనూలో టెక్స్ట్ లేదా ట్రీ ఎంచుకోండి. చూడాల్సినవి ఇవి: వీడియో ఫార్మాట్ (ఏవీసీ అని ఉంటే హెచ్.264 అన్నమాట), ప్రొఫైల్ పక్కనున్న లెవెల్ అంకె, బిట్ డెప్త్ 8 లేదా 10, ఫ్రేమ్ రేట్ మోడ్ కాన్‌స్టంటా వేరియబులా, స్కాన్ టైప్ ప్రోగ్రెసివా ఇంటర్లేస్డా, ఆడియో ఫార్మాట్ ఏమిటి, ఎన్ని చానళ్లు. ఇవన్నీ తెలిస్తే కింద చెప్పే చిక్కుల్లో సగం అక్కడే బయటపడతాయి. మీడియాఇన్ఫో లేకపోతే వీఎల్‌సీలో వీడియో నడుస్తుండగా కంట్రోల్, జే కలిపి నొక్కినా కోడెక్ వివరాలు వస్తాయి, కాకపోతే కొంచెం తక్కువగా.

రెండో అలవాటు: రెండు గంటల పెళ్లి వీడియోను నేరుగా మార్పిడికి పెట్టొద్దు. హ్యాండ్‌బ్రేక్‌లో టైటిల్ వరుసలో రేంజ్ అనే చోట చాప్టర్స్ బదులు సెకండ్స్ ఎంచుకుని ఒక్క నిమిషం ముక్క ఇవ్వండి. కదలిక ఎక్కువగా, మాటలు స్పష్టంగా ఉన్న చోటు చూసుకోండి. ఆ నిమిషాన్ని టీవీలోనో ఫోన్‌లోనో చూసి, నచ్చాకే మొత్తం పెట్టండి. ఒక్కోసారి ఒక్క సెట్టింగే మార్చండి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతే

హ్యాండ్‌బ్రేక్ అధికారిక చిరునామా హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్. డాట్ కామ్ కాదు. వెతికితే అదే పేరుతో వేరే సైట్లు పైన కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు. అసలు సైట్‌లోనూ ఒకసారి ప్రమాదం జరిగింది: 2017 మే నెలలో ఒక డౌన్‌లోడ్ సర్వర్‌లోకి చొరబడి మ్యాక్ వెర్షన్ స్థానంలో ట్రోజన్ (మారువేషంలో వచ్చే హానికర ప్రోగ్రామ్) పెట్టారు. అందుకే సైట్‌లో ఇచ్చే చెక్‌సమ్‌తో (ఫైల్‌ను ఎవరూ మార్చలేదని తేల్చే గుర్తు సంఖ్య) డౌన్‌లోడ్‌ను పోల్చి చూసుకోవడం వృథా పని కాదు.

విండోస్‌లో హ్యాండ్‌బ్రేక్ తెరుచుకోకపోతే చాలాసార్లు కారణం డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ లేకపోవడమే. 1.8 వెర్షన్‌కు డాట్‌నెట్ 8 కావాలి. డెస్క్‌టాప్ రన్‌టైమ్ అనే రకాన్నే తీసుకోండి, ఉత్త రన్‌టైమ్ సరిపోదు.

మార్పిడి మొదలైన క్షణంలోనే ఫెయిల్డ్ అని వస్తే, అవుట్‌పుట్ ఫోల్డర్ మీద అనుమానపడండి. విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే వీడియోస్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లలో కొత్త ప్రోగ్రామ్‌లను రాయనివ్వదు. హ్యాండ్‌బ్రేక్‌ను అనుమతించిన యాప్‌ల జాబితాలో చేర్చండి, లేదా డీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని అందులోకి రాయించండి.

టీవీలో ప్లే కావడం లేదు

ముందు పెన్‌డ్రైవ్‌ను చూడండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు (కచ్చితంగా చెప్పాలంటే 4,29,49,67,295 బైట్లు). 64 జీబీ ఖాళీ ఉన్నా అంతే. 'ఫైల్ టూ లార్జ్' అంటే కన్వర్టర్ తప్పు కాదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే పోతుంది, కానీ పాత టీవీలు, కారు స్టీరియోలు ఎక్స్‌ఫ్యాట్‌ను గుర్తించవు. అప్పుడు ఫైల్‌నే 4 జీబీ లోపుకు తేవాలి.

ఫైల్ కనిపించి, నొక్కితే సపోర్ట్ లేదంటే రెండు దారులు. మీడియాఇన్ఫోలో హెచ్.264, 8 బిట్, ఏఏసీ శబ్దం ఉండి, ఎంకేవీ అయినందుకే టీవీ వద్దంటోందనుకోండి. దీనికి గంటల మార్పిడి అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్‌లో ఫైల్ తెరిచి, అవుట్‌పుట్ ఫార్మాట్ ఎంపీ4గా పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. లోపలి బొమ్మ ముట్టుకోకుండా పెట్టె మాత్రమే మారుతుంది, నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. హ్యాండ్‌బ్రేక్ ఈ పని చేయలేదు. అది వీడియోను ప్రతిసారీ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే కొత్తగా కుదించి రాస్తుంది. ఆడియోను మాత్రమే పాస్‌త్రూ పద్ధతిలో ఉన్నదున్నట్టు పంపగలదు. ఈ తేడా తెలియక విలువైన ఫైళ్లను అనవసరంగా నలిపేస్తుంటారు.

లోపల హెచ్‌ఈవీసీనో, 10 బిట్ వీడియోనో ఉంటే నిజంగానే మార్చాలి. హ్యాండ్‌బ్రేక్‌లో ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్‌తో (ముందే కూర్చి ఉంచిన సెట్టింగ్‌లు) మొదలుపెట్టండి. వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264 (ఎక్స్264), 10 బిట్ అని రాసి లేనిది. ప్రొఫైల్ హై, లెవెల్ 4.1. సెకనుకు 60 ఫ్రేములతో తీసిన 1080పీ వీడియో అలాగే కావాలంటే లెవెల్ 4.2 ఉండాలి. పాత టీవీ 4.2ను మోయలేకపోతే 30 ఫ్రేములకు దించడమే దారి. 10 బిట్ హెచ్.264 అనేది కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడి, దాదాపు ఏ టీవీలోనూ ఆడని రకం. పొరపాటున కూడా ఎంచుకోవద్దు.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో డీటీఎస్ లేదా ఈ-ఏసీ3 అయి ఉంటుంది. లైసెన్సు ఖర్చుల వల్ల చాలా టీవీలు, ఫోన్ ప్లేయర్లు వీటిని వదిలేశాయి. ఆడియో ట్యాబ్‌లో పాస్‌త్రూ తీసేసి ఏఏసీ, స్టీరియో, 160 కేబీపీఎస్ పెట్టండి. 5.1 శబ్దాన్ని స్టీరియోకి కుదించినప్పుడు మాటలు సన్నగా, సంగీతం హోరుగా వినిపిస్తే అదే వరుసలో డీఆర్‌సీ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) విలువను 1.5 నుంచి 2.5 మధ్యకు పెంచండి. మూలం ఏసీ3 అయితేనే ఇది పనిచేస్తుంది.

పెదవులకూ మాటకూ పొంతన లేదు

మిగతా చిక్కులన్నిటికంటే దీని మీదే ఎక్కువ సమయం పోతుంది. కారణం, ఇది ఒక జబ్బు కాదు, మూడు. లక్షణం ఒకటే కావడంతో ఒకదాని మందు ఇంకోదానికి వేస్తారు.

అన్నిటికంటే ముందు బ్లూటూత్ స్పీకర్ తీసేసి, వైరు హెడ్‌ఫోన్‌తో వినండి. కొన్ని బ్లూటూత్ స్పీకర్లు శబ్దాన్ని కంటికి తెలిసేంత ఆలస్యం చేస్తాయి. వైరుతో సరిగ్గా ఉంటే ఫైల్‌లో లోపం లేదు.

తేడా నిజమే అయితే రెండు చోట్ల కొలవండి: మొదటి నిమిషంలో ఒకసారి, చివరి నిమిషంలో ఒకసారి. వీఎల్‌సీలో వీడియో నడుస్తుండగా కే నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా, జే నొక్కితే 50 మిల్లీసెకన్లు ముందుగా వస్తుంది. మాట పెదవులతో కలిసేదాకా నొక్కి, తెర మీద కనిపించే అంకె రాసుకోండి.

రెండు చోట్లా ఒకే అంకె వస్తే అది స్థిరమైన జాప్యం. ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఫైల్ వేసి, ఆడియో ట్రాక్ మీద క్లిక్ చేసి, కుడివైపు డిలే అనే గడిలో ఆ అంకె వేయండి. వీఎల్‌సీలో ప్లస్ చూపిస్తే ఇక్కడా ప్లస్, మైనస్ అయితే మైనస్. మల్టీప్లెక్సింగ్ మొదలుపెడితే కొద్దిసేపట్లో అయిపోతుంది, నాణ్యత పోదు. హ్యాండ్‌బ్రేక్‌లో ఆడియోను జరిపే గడి లేదు. సమ్మరీ ట్యాబ్‌లో అలైన్ ఏ/వీ స్టార్ట్ అనే టిక్ మాత్రం ఉంది. మొదట్లోనే చిన్న ఖాళీ వల్ల వచ్చే తేడాకు అది సరిపోతుంది.

మొదట్లో బాగుండి, పోనుపోను తేడా పెరిగితే, ఫోన్ వీడియోలో అయితే మొదటి ముద్దాయి వేరియబుల్ ఫ్రేమ్ రేట్. వెలుతురు తగ్గినప్పుడు, ఫోన్ వేడెక్కినప్పుడు కెమెరా సెకనుకు 30 ఫ్రేములకు బదులు 24, 27 అంటూ తోచినన్ని తీస్తుంది. ప్లేయర్లు ప్రతి ఫ్రేమ్‌కు ఉన్న టైమ్ ముద్ర చూసి సర్దుకుంటాయి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం అన్నిటినీ సమానంగా పరిచేస్తాయి, శబ్దం తప్పుతుంది. మందు సులువు: హ్యాండ్‌బ్రేక్ వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకోండి. ఆర్‌ఎఫ్ విలువ (నాణ్యతను చెప్పే అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 18 దగ్గర పెట్టండి, ఎందుకంటే ఎడిటింగ్ అయ్యాక ఇంకోసారి ఎన్‌కోడ్ అవుతుంది. మార్చిన ఫైల్‌ను ఎడిటర్‌లోకి తీసుకోండి. షాట్‌కట్, కేడెన్‌లైవ్ లాంటి ఓపెన్ సోర్స్ ఎడిటర్లు ఇలాంటి ఫైల్ చూడగానే మార్చమంటారా అని అడుగుతాయి. ఆ పెట్టెను విసుగ్గా మూసేయకుండా సరే అనండి.

తేడా గంటకు రెండున్నర నిమిషాలంత భారీగా ఉంటే, సెకనుకు 23.976 ఫ్రేముల సినిమాకు 25 ఫ్రేముల లెక్కలో ఉన్న ఆడియో కలిపారన్నమాట. సబ్‌టైటిల్స్ దగ్గర కూడా ఇదే తేడా కనిపిస్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో చేంజ్ ఫ్రేమ్ రేట్ మెనూ దీనికోసమే ఉంది.

మూడోది, విశాఖలో కళాభారతిలోనో బాలల ప్రాంగణంలోనో కచేరీ రికార్డు చేసేవాళ్లకు తగిలేది. బొమ్మ కెమెరాలో, శబ్దం విడి రికార్డర్‌లో. రెండు యంత్రాల గడియారాలు వెంట్రుకవాసి తేడాతో నడుస్తాయి, గంట గడిచేసరికి తాళం కంటే చేయి ముందు పడుతుంది. కచేరీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొట్టించుకుని ఉంటే పని తేలిక. కెమెరా శబ్దంలో రెండు చప్పట్ల మధ్య దూరం 3,600 సెకన్లు, రికార్డర్‌లో 3,600.5 సెకన్లు ఉందనుకోండి. ఆడాసిటీలో రికార్డర్ ఆడియోను చప్పట్ల మధ్య భాగం వరకే కత్తిరించి, చేంజ్ స్పీడ్ అండ్ పిచ్ ఎఫెక్ట్‌లో కొత్త నిడివిగా కెమెరా నిడివి ఇవ్వండి. శ్రుతి మారుతుందేమో అని భయపడక్కర్లేదు. వంద భాగాల్లో పావు భాగం కూడా లేని ఆ తేడాను చెవి పట్టలేదు. చేంజ్ టెంపో వాడితే శ్రుతి కదలదు గానీ మృదంగం దెబ్బలు మసకబారే ప్రమాదం ఉంది. సంగీతానికి మొదటిదే మేలు.

పెళ్లి డీవీడీలు

2000 తర్వాతి పదిహేనేళ్లలో తీయించిన పెళ్లి డీవీడీలు చాలా ఇళ్లలో బీరువాల్లోనే ఉన్నాయి. విశాఖ ఉప్పుగాలి, తేమ డిస్కులకు మంచివి కావు. ఇంకా చదవగలిగే స్థితిలో ఉండగానే హార్డ్‌డిస్క్‌కు ఎక్కించుకోవాలి.

డిస్క్ నుంచి నేరుగా మార్పిడికి పెట్టకండి. ముందు వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. గీతలు పడిన డిస్క్ మధ్యలో ఆగిపోతే మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తుడవొద్దు. ఇంకా చదవకపోతే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. డ్రైవ్ మారితే చదివే డిస్కులు ఉంటాయి. లైనక్స్ ఉన్నవాళ్లు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడితే చదవగలిగిన భాగమంతా ముందు తీసి, పాడైన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్తుంది.

కాపీ అయ్యాక లోపలి వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరవకండి. డీవీడీ పద్ధతి ప్రకారం ఒక్కో వీఓబీ సుమారు 1 జీబీ దగ్గర తెగిపోతుంది, ముహూర్తం సగం ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ఫోల్డర్ తెరిచే ఆప్షన్‌తో వీడియో_టీఎస్‌ను మొత్తంగా ఇవ్వండి. టైటిళ్ల జాబితాలో ఎక్కువ నిడివి ఉన్నదే అసలు వీడియో. సినిమా డీవీడీ వేసి 'నో వాలిడ్ సోర్స్' అని వస్తే అది కాపీ రక్షణ ఉన్న డిస్క్. హ్యాండ్‌బ్రేక్ దాన్ని ఛేదించదు. మన దేశంలో కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ అలాంటి రక్షణను ఛేదించడం గురించే. పెళ్లి డీవీడీలకు సాధారణంగా ఈ బెడద లేదు.

ఇప్పుడు బొమ్మ. మన డీవీడీలు పాల్ పద్ధతివి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమ్‌లో రెండు ఫీల్డులు (సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి; దీన్నే ఇంటర్లేస్డ్ అంటారు). మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే డీఇంటర్లేస్ చేయలేదని అర్థం. ఫాస్ట్ 576పీ25 ప్రీసెట్ తీసుకుని, ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్లేస్ కింద బీడబ్ల్యూడిఫ్ (పాత వెర్షన్‌లో యాడిఫ్), దాని ప్రీసెట్‌గా బాబ్ ఎంచుకోండి. బాబ్ ఒక్కో ఫీల్డ్‌ను ఒక్కో ఫ్రేమ్ చేస్తుంది, 25 కాస్తా 50 అవుతాయి, కదలిక టీవీలో చూసినంత నునుపుగా వస్తుంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఆ ప్రీసెట్‌లో ఫ్రేమ్ రేట్ 25కు కట్టి ఉంటుంది. దాన్ని 50 చేయకపోతే బాబ్ పుట్టించిన ఫ్రేముల్లో సగం మళ్లీ పారేస్తుంది. బాబ్ పెట్టినా తేడా లేదనేవాళ్లు చూడాల్సింది ఇదే.

మనుషులు లావుగానో సన్నగానో సాగిపోయినట్టుంటే డైమెన్షన్స్ ట్యాబ్‌కు వెళ్లండి. అనామార్ఫిక్ ఆటోమేటిక్‌లో ఉండాలి. 4:3 డిస్క్ అయితే చూపే వెడల్పు 768 దగ్గర, 16:9 అయితే 1024 దగ్గర కనిపించాలి. డిస్క్ తయారుచేసినవాళ్లే 16:9 వీడియోను 4:3 అని నమోదు చేసి ఉంటే అనామార్ఫిక్‌ను కస్టమ్ చేసి, పిక్సెల్ యాస్పెక్ట్ 64, 45 వేయండి. అటునుంచి ఇటైతే 16, 15.

అదే ట్యాబ్‌లో క్రాపింగ్ ఆటోమేటిక్‌గా ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ వీడియోలో అక్కడక్కడ కొన్ని ఫ్రేములు చూసి నల్ల అంచులు ఎంతున్నాయో లెక్కగడుతుంది. రాత్రి ఊరేగింపు, చీకటి స్టేజీ లాంటి వీడియోల్లో అది పొరబడి, అసలు బొమ్మనే కోసేస్తుంది. ఇలాంటివాటికి క్రాపింగ్ నన్ పెట్టేయండి.

ఆర్‌ఎఫ్ 18 నుంచి 20 చాలు. 576 గీతల వీడియోను 1080కి పెంచితే ఫైల్ పెరుగుతుంది తప్ప అమ్మమ్మ పట్టుచీర జరీ కొత్తగా కనిపించదు. ఆ పని టీవీకే వదిలేయండి.

రంగులు వెలిసిపోయాయి, వీడియో అడ్డం తిరిగింది

కొత్త ఐఫోన్లు, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు హెచ్‌డీఆర్‌లో (వెలుగు, రంగులు ఎక్కువ పరిధిలో పట్టే పద్ధతి) తీస్తాయి. మీడియాఇన్ఫోలో బీటీ.2020, హెచ్‌ఎల్‌జీ లేదా పీక్యూ కనిపిస్తే అదే. దాన్ని మామూలు 8 బిట్‌కు మారిస్తే సముద్రం నీలం కాస్తా బూడిద రంగవుతుంది. ఫిల్టర్స్‌లో కలర్‌స్పేస్‌ను బీటీ.709 చేయండి. ఇకముందు తీసేవాటికి ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, రికార్డ్ వీడియో కింద హెచ్‌డీఆర్ ఆఫ్ చేస్తే ఈ గొడవే ఉండదు.

నిలువుగా తీసింది అడ్డంగా పడుకుంటే డైమెన్షన్స్‌లో రొటేషన్ 90 లేదా 270.

మార్చాక ఫైల్ పెద్దదైంది, పని ఎంతకీ తెమలదు

ఆర్‌ఎఫ్ అంటే నాణ్యత ఇంత ఉండాలని చెప్పడం, సైజు ఇంత ఉండాలని కాదు. అంకె తగ్గితే నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. 1080పీకి 20 నుంచి 24, 720పీకి 19 నుంచి 23 సరైన పరిధి. 6 అంకెలు పెంచితే ఫైల్ దాదాపు సగమవుతుంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ముందే బాగా నలిగి ఉంటుంది. దాన్ని ఆర్‌ఎఫ్ 18తో మారిస్తే నలిగిన మరకలను కూడా శ్రద్ధగా భద్రపరిచి పెద్ద ఫైల్ ఇస్తుంది. హెచ్‌ఈవీసీ నుంచి హెచ్.264కు వచ్చినా సైజు పెరగడం సహజం.

బొర్రా గుహల్లో తీసిన వీడియో ఇంకో రకం. వెలుతురు తక్కువ కాబట్టి బొమ్మంతా చుక్కలు చుక్కలుగా నలుసులు (నాయిజ్) కదులుతాయి. ఎన్‌కోడర్ దృష్టిలో ఆ నలుసులు కూడా భద్రపరచాల్సిన వివరమే. ఫిల్టర్స్‌లో డీనాయిజ్ కింద హెచ్‌క్యూడీఎన్3డీ, లైట్ పెడితే సైజు బాగా తగ్గుతుంది. ఎన్‌ఎల్‌మీన్స్ ఇంకా బాగా చేస్తుంది కానీ చాలా నెమ్మది. స్ట్రాంగ్ పెడితే రాతి గరుకుదనం పోయి మైనంలా కనిపిస్తుంది.

సైజు కచ్చితంగా ఇంతే కావాలంటే లెక్క వేసుకోవాలి. జీమెయిల్‌లో జతపరిచే ఫైళ్లకు పరిమితి 25 ఎంబీ. పంపేటప్పుడు ఫైల్ మూడో వంతు ఉబ్బుతుంది కాబట్టి 18 ఎంబీ లక్ష్యం పెట్టుకోండి. నాలుగు నిమిషాలంటే 240 సెకన్లు. 18ని 8,000తో హెచ్చవేసి 240తో భాగిస్తే 600 కేబీపీఎస్. ఆడియోకి 64 తీసేస్తే 536, కొంచెం జాగ్రత్తగా 520. వీడియో ట్యాబ్‌లో ఆర్‌ఎఫ్ బదులు యావరేజ్ బిట్‌రేట్ ఎంచుకుని 520 రాసి, మల్టీపాస్ టిక్ పెట్టండి. రిజల్యూషన్‌ను 480పీకి దించండి. 1080పీలో 520 అంటే అన్నీ చదరపు ముక్కలే.

వేగం సంగతి: ఎన్‌కోడింగ్ ప్రాసెసర్‌లోని కోర్లన్నిటినీ వాడుకుంటుంది. మే నెలలో విశాఖ ఉక్కపోతలో మంచం మీద పెట్టిన ల్యాప్‌టాప్ సెకనుకు 60 ఫ్రేములతో మొదలై పావుగంటలో 25కు పడిపోతే, వేడికి ప్రాసెసర్ తనంతట తానే తగ్గిందన్నమాట. బల్ల మీద పెట్టి, కింద గాలి ఆడనిచ్చి, ఛార్జర్ తగిలించండి. ఎన్‌వీఎన్‌సీ, క్యూఎస్‌వీ లాంటి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు (గ్రాఫిక్స్ చిప్‌తో పనిచేసేవి) చాలా వేగంగా చేస్తాయి, అదే నాణ్యతకు ఫైల్ మాత్రం పెద్దదవుతుంది. టీవీలో ఒకసారి చూసి చెరిపేసేవాటికి అవి చాలు. పెళ్లి వీడియోకి ఎక్స్264 వాడి రాత్రంతా నడవనివ్వండి. జాబితాలో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ కనిపించకపోతే ముందు గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

తెలుగు సబ్‌టైటిల్స్

డబ్బాలు, ప్రశ్నార్థకాలు, గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలు: మూడూ వేర్వేరు తప్పులు. గజిబిజి ఇంగ్లిష్ కనిపిస్తే చాలాసార్లు ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్‌ను అను ఫాంట్లతో టైప్ చేసి ఉంటారు. అప్పుడు అది యూనికోడ్ కాదు, ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, తర్వాత చేత్తో సరిచూసుకోవాలి. ప్రశ్నార్థకాలు వస్తే ఫైల్‌ను తప్పు ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేశారు, అక్షరాలు పోయినట్టే. ఒరిజినల్ ఉంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్‌కు వెళ్లి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టి మళ్లీ సేవ్ చేయండి. డబ్బాలు వస్తే ఫైల్ బాగానే ఉంది, టీవీలో తెలుగు ఫాంట్ లేదు. దీనికి సబ్‌టైటిల్స్ ట్యాబ్‌లో ఎస్‌ఆర్‌టీ ఇంపోర్ట్ చేసి, క్యారెక్టర్ కోడ్ యూటీఎఫ్-8, బర్న్ ఇన్ టిక్ పెట్టి బొమ్మ మీదే అచ్చు వేయించాలి. తర్వాత తీయడం కుదరదు కాబట్టి సబ్‌టైటిల్ లేని కాపీ కూడా ఉంచుకోండి. ఒక నిమిషం పరీక్షలో 'శ్రీకాకుళం, లక్ష్మి, స్వర్ణోత్సవం' లాంటి మాటలు ఉండేలా చూడండి. ఒత్తులు విడిపోతున్నాయో లేదో వాటిలోనే తెలుస్తుంది.

ఉత్త ఆడియో

హ్యాండ్‌బ్రేక్‌లో పాట ఫైల్ వేసి 'నో వాలిడ్ సోర్స్' వచ్చిందని కంగారు పడకండి. వీడియో లేని ఫైల్‌ను అది తీసుకోదు. ఆడియోకి ఆడాసిటీ వాడండి. ఎం4ఏ, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ల ఓపస్ తెరవనంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ కావాలి. ప్రిఫరెన్సెస్‌లో లైబ్రరీస్ పేజీ నుంచి చూపించాలి. 64 బిట్ ఆడాసిటీకి 64 బిట్ లైబ్రరీయే. 32 బిట్‌ది పెడితే ఫైల్ ఎదురుగా ఉన్నా దొరకలేదంటుంది.

కారు స్టీరియో, గుడి మైక్ సెట్ల పెన్‌డ్రైవ్ ప్లేయర్ల కోసం ఎంపీ3, 44,100 హెర్ట్‌జ్, కాన్‌స్టంట్ 128 కేబీపీఎస్ పెట్టి, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఇంగ్లిష్ అక్షరాల పేరుతో వేయండి. నిమిషానికి సుమారు 1 ఎంబీ అవుతుంది. 128 ఫైల్‌ను 320కి మారిస్తే సైజు రెండున్నర రెట్లవుతుంది, పోయిన శబ్దం రాదు.

బీచ్‌లో రికార్డు చేసిన మాటల్లో గాలి హోరుకు ఎఫెక్ట్ మెనూలో హై-పాస్ ఫిల్టర్, 100 హెర్ట్‌జ్, 24 డీబీ. ఫ్యాన్ శబ్దానికి నాయిజ్ రిడక్షన్: మాట లేని ఒక సెకను ఎంచుకుని గెట్ నాయిజ్ ప్రొఫైల్, తర్వాత మొత్తం ఎంచుకుని 6 నుంచి 12 డీబీ. 20 దాటిస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. గాలి నేరుగా మైకుకు కొట్టి తరంగం పైకప్పు తగిలి చదునైపోయి ఉంటే అక్కడ బాగుచేయడానికి ఏమీ మిగలదు.

ఫైల్ అసలు తెరుచుకోకపోతే

రికార్డింగ్ మధ్యలో ఫోన్ బ్యాటరీ అయిపోయినా, కరెంటు పోయి కంప్యూటర్ ఆగినా ఎంపీ4 చివర రాయాల్సిన మూవ్ ఆటమ్ అనే సూచిక రాయకుండానే ఆగిపోతుంది. లోపల బొమ్మంతా ఉన్నా ఏది ఎక్కడుందో ఏ ప్లేయర్‌కూ తెలియదు. సైజు 0 అయితే ఆశ లేదు. వందల ఎంబీలు ఉంటే అన్‌ట్రంక్ అనే ఓపెన్ సోర్స్ సాధనం ప్రయత్నించండి. దానికి అదే ఫోన్‌లో, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్‌తో తీసిన మంచి ఫైల్ ఒకటి నమూనాగా ఇవ్వాలి. వేరే ఫోన్‌ది ఇస్తే పని జరగదు. అప్పటిదాకా ఆ మెమరీ కార్డులో ఇంకేమీ రికార్డు చేయొద్దు.

ఓబీఎస్‌తో పాఠాలు, స్క్రీన్ రికార్డు చేసేవాళ్లు ఫార్మాట్ ఎంకేవీగా పెట్టుకుంటే కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు.

ఇవేవీ కావు, ఎందుకు ఆగిందో అంతుబట్టడం లేదంటే హ్యాండ్‌బ్రేక్ పైన కుడివైపు యాక్టివిటీ లాగ్ తెరిచి కిందినుంచి పైకి చదవండి. చివర్లో వర్క్ రిజల్ట్ పక్కన 0 ఉంటే హ్యాండ్‌బ్రేక్ తన పని పూర్తి చేసింది, తేడా ప్లేయర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వెతకాలి. వేరే అంకె ఉంటే దానికి పైనున్న పది, పదిహేను వరుసల్లో ఎర్రర్ అనే మాట ఎక్కడుందో చూడండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు స్క్రీన్ ఫోటో కాదు, ఈ లాగ్ మొత్తం, మీడియాఇన్ఫో టెక్స్ట్, హ్యాండ్‌బ్రేక్ వెర్షన్ నంబర్ ఈ మూడూ పంపండి.